గుమ్మడికాయలు, కాజా వేళ్లు

మా చిన్నప్పుడు కంచం ముందు కూర్చుని దెయ్యం అన్న మాట ఎత్తితే అమ్మ చెవి మెలిపెట్టేది. తథాస్తు దేవతలుంటారు, అన్నం దగ్గర అశుభం పలకకూడదు అనేది. అలాంటి ఇంట్లో పెరిగిన నేను అరవై నాలుగేళ్ల వయసులో, అమెరికాలో మా అమ్మాయి వంటింట్లో నిలబడి, మైదాపిండితో మనిషి వేళ్లు చేశాను. గోళ్లతో సహా.

2024లో మహాలయ అమావాస్య వెళ్లిన మూడో రోజున కాకినాడ నుంచి బయలుదేరాను. పెట్టెలో చీరల కన్నా గొట్టం కాజాలే ఎక్కువ. అమ్మాయి వాళ్లుండేది బోస్టన్‌కు పడమటగా ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఫ్రామింగ్‌హామ్. విమానాశ్రయం నుంచి వస్తుంటే దారి పొడవునా ఇళ్ల ముందు అస్థిపంజరాలు, చెట్లకు తెల్లటి సాలెగూళ్లు, పచ్చికలో అట్టతో చేసిన సమాధిరాళ్లు. కొత్త ఇంటికి మనం దిష్టిబొమ్మ కట్టినట్టు కట్టారేమో అనుకున్నాను. పాత ఇళ్లకూ ఉన్నాయి. ఇదంతా హాలోవీన్ కోసమట, పిల్లలు దెయ్యాల వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడిగే పండుగ. అది అక్టోబరు 31న, ఆ ఏడాది మన దీపావళి కూడా సరిగ్గా అదే రోజు. ఈ రెండింటికీ ముందు, 26వ తేదీ శనివారం, మనవరాలు తన స్నేహితులను ఇంటికి పిలిచింది. పదకొండు మంది పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు. పెట్టేవన్నీ భయపెట్టాలట. "అమ్మమ్మా, నువ్వు చేసేది చూసి ఎవరో ఒకరు ఏడవాలి" అంది. నలభై ఏళ్లుగా నా వంట గురించి ఎవరూ ఇలాంటి కోరిక కోరలేదు.

అంతకు వారం ముందు, 19వ తేదీన, సరదాగా బోస్టన్ దగ్గరి సేలం తీసుకెళ్లారు, ఒకప్పటి మంత్రగత్తెల విచారణలకు పేరుపడిన ఊరు. అక్టోబరులో అక్కడ కారు నిలపడానికి చోటు దొరకదని బోస్టన్ నార్త్ స్టేషన్‌లో రైలెక్కాం. ప్రయాణం అరగంటే. పెట్టెలో సగం మంది నెత్తిన మొనదేలిన నల్ల టోపీలు. నా ఎదుటి సీటులో నా వయసావిడ ముఖానికి ఆకుపచ్చ రంగు పూసుకుని, తాపీగా స్వెటర్ అల్లుకుంటోంది. ఈ ఒక్క నెలలోనే పది లక్షల మంది దాకా ఆ ఊరికి వస్తారట. ఎసెక్స్ వీధిలో నడిచాం అనడం అబద్ధం, జనమే మమ్మల్ని మోసుకెళ్లారు. వేడి యాపిల్ సైడర్ కొనుక్కున్నాం. మత్తు పానీయమేమో అని జంకాను కానీ, వడకట్టని యాపిల్ రసమే అది, దాల్చినచెక్క వేసి కాచారు. దానితోపాటు ఆ రసంతోనే పిండి కలిపి వేయించిన డోనట్లు. ఈ రెండూ బాగున్నాయి. రేవు వైపు ఉన్న పాత మిఠాయి దుకాణంలో జిబ్రాల్టర్ అనే బిళ్లలు అమ్ముతారు. 1806లో ఓడ మునిగి సర్వం పోగొట్టుకుని సేలం చేరిన ఒకావిడకు ఇరుగుపొరుగులు పీపాడు పంచదార ఇచ్చారట, ఆవిడ దాంతో ఈ బిళ్లలు చేసి అమ్మి నిలదొక్కుకుందట. నిమ్మ రుచిది ఒకటి నోట్లో వేసుకున్నాను. తెల్లగా, మొదట గట్టిగా ఉండి, తర్వాత పీచుమిఠాయిలా కరిగిపోయింది.

ఊరంతా ఇంత సందడి ఉండి, పాత శ్మశానం పక్కన మాత్రం ఒక చిన్న ఆవరణ ఉంది. మూడు వైపులా రాతిగోడ, గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన ఇరవై రాతి పలకలు. కాళ్లు లాగుతుంటే ఒకదాని మీద కూర్చోబోయాను. అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపింది. పలక మీద పేరు, ఉరి తీసిన తేదీ చెక్కి ఉన్నాయి. 1692లో మంత్రగత్తెలన్న నేరం మోపి పందొమ్మిది మందిని ఉరితీశారు. ఇరవయ్యో మనిషి జైల్స్ కోరీ అనే ఎనభై ఏళ్ల రైతు. నేరం చేశావా లేదా అంటే ఏ జవాబూ చెప్పనందుకు మీద రాళ్లు పేర్చి నలిపి చంపారు. ఈ పలకలు వేసింది 1992లో, మూడు వందల ఏళ్లు గడిచాక.

అక్కడ ఒక గైడు తన గుంపుకు చెబుతున్న కథ అమ్మాయి నాకు తెలుగులో అందించింది. పాస్టరు శామ్యూల్ పారిస్ ఇంట్లో తొమ్మిదేళ్ల కూతురికీ, పదకొండేళ్ల మేనకోడలికీ అంతుచిక్కని మూర్ఛలు మొదలయ్యాయి. ఎవరు చేతబడి చేశారో తేల్చడానికి పొరుగింటి మేరీ సిబ్లీ ఒక ఉపాయం చెప్పింది. రై అనే ధాన్యం పిండిలో ఆ పిల్లల మూత్రం కలిపి రొట్టె కాల్చి కుక్కకు పెట్టాలి. ఆ ఇంట్లో బానిసలుగా ఉన్న టిటూబా, ఆమె భర్త జాన్ దాన్ని చేశారు. పాస్టరుకు తెలిసి, చర్చిలో అందరి ముందూ సిబ్లీ చేత తప్పు ఒప్పించాడు. తర్వాత నేరం మోపిన మొదటి ముగ్గురిలో టిటూబా ఒకతె. నేరం ఒప్పుకుంది, ఉరి తప్పింది. ఆ ఏడాది చాలామంది విషయంలో ఇదే జరిగింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాళ్లు బతికారు. నేనెందుకు తడుముకోవాలి అన్నవాళ్లు ఉరికంబమెక్కారు. ఈ మాట అమ్మాయితో అంటే, మనవరాలు తలెత్తి "గుమ్మడికాయలను ఎందుకు దొంగిలించారు?" అని అడిగింది. దానికి సామెత వివరించేసరికి రైలు వేళయింది.

తిరుగు రైల్లో ఆ రొట్టే నా తలలో తిరిగింది. దాన్ని చూసి ఎవరూ భయపడి ఉండరు. మామూలు రొట్టెలాగే ఉండి ఉంటుంది. అసహ్యమంతా లోపల ఉంది. పిల్లల విందుకు కావలసింది దీనికి సరిగ్గా తిరగేసి ఉండాలి. పైకి ఎంత వికారంగా ఉన్నా, కొరికితే నాలుకకు బాగా తెలిసిన రుచి తగలాలి. కొత్త రూపమూ కొత్త రుచీ రెండూ ఒకేసారి పెడితే పిల్లలు ముట్టుకోరు. నా వంటల జాబితా అక్కడే ఖాయమైంది.

ముందు గుమ్మడికాయ సంగతి చెప్పాలి. తోటకు వెళ్లి పెద్దవి రెండు కోసుకొచ్చాం. అల్లుడు పై మూత కోసి, లోపలిదంతా గరిటెతో గీకి, కళ్లూ పళ్లూ చెక్కాడు. ఐర్లండులో ఒకప్పుడు టర్నిప్ దుంపలను ఇలా చెక్కేవారట. అక్కడి నుంచి అమెరికా వచ్చినవాళ్లకు గుమ్మడి దొరికింది, చెక్కడానికి మెత్తగా, పెద్దగా. కథ బాగానే ఉంది కానీ, చెక్కిన ముక్కలన్నీ చెత్తబుట్టలోకి తోస్తుంటే నా ప్రాణం ఊరుకోలేదు. సంక్రాంతికి దప్పళంలో గుమ్మడిముక్క కోసం కొట్టుకున్న వంశం మాది. "పారేయకు నాయనా" అని అన్నీ ఏరి పులుసు పెట్టాను. ఘోరంగా వచ్చింది. పీచు, నీళ్లు, తీపి అన్నది లేదు. బెల్లం ఎంత వేసినా చింతపండు నీళ్లలో తడిసిన గోనెసంచి నమిలినట్టే. అల్లుడు మర్యాదస్తుడు కనుక రెండోసారి కూడా వడ్డించుకున్నాడు. ముఖం చెక్కేవి వేరు, వండేవి వేరు అని మర్నాడు కూరగాయల దుకాణంలో తెలిసింది. వండడానికి చిన్నవి, గుండ్రంగా కొబ్బరికాయకన్నా కాస్త పెద్దవి ఉంటాయి. వాటితో పెట్టిన పులుసు మాత్రం మన పులుసులాగే వచ్చింది.

ఆ పెద్ద కాయల వల్ల దక్కినవి గింజలు. కడిగి ఆరబెట్టి, ఉప్పు రాసి ఓవెన్‌లో వేయించాను. పనికొస్తాయని తెలియకుండానే దాచాను.

మంత్రగత్తె వేళ్లు అక్కడ అందరూ చేసే బిస్కెట్లే. వెన్న, పంచదార, గుడ్డు, మైదా కలిపి, వేళ్లలా చుట్టి, కొసన బాదంపప్పు గోరు అతికించి కాలుస్తారు. పిల్లల్లో ఒకబ్బాయికి గింజపప్పులు పడవని, పొరపాటున తిన్నా ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తుందని వాళ్లమ్మ ముందే చెప్పింది. అలాంటి పిల్లలకు తిండి కాకుండా బొమ్మలూ పెన్సిళ్లూ ఇస్తామని తెలపడానికి కొన్ని ఇళ్ల ముందు నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు వేసిన గుమ్మడికాయ పెడతారు. అమ్మాయి కూడా ఒకటి పెట్టింది. గుమ్మడి గింజలు ఆ అబ్బాయికి పడతాయా అని వాళ్లమ్మను అడిగి, పడతాయన్నాక బాదం బదులు నా గింజలే గోళ్లు చేశాను. నిజం చెప్పాలంటే బాదం కన్నా అవే నయం. కొస సన్నగా, రంగు పాలిపోయి, అచ్చం నెలల తరబడి తీయని ముసలి గోరులా ఉంటాయి.

మొదటి వాయి పాడైంది. నేను పెట్టినప్పుడు వేళ్లే, ఓవెన్‌లోంచి తీసేసరికి ఉబ్బి అరటికాయలయ్యాయి. వెన్నపిండిని ముందు అరగంట ఫ్రిజ్‌లో ఉంచి గట్టిపరచాలి, చుట్టేటప్పుడు మన చిటికెనవేలి కన్నా సన్నగా చుట్టాలి, పొంగినప్పుడు అది అసలు వేలంత అవుతుంది. కణుపుల దగ్గర కొంచెం నొక్కి, చాకు వీపుతో మూడేసి గీతలు గీశాను. గీస్తూ నా వేళ్లనే నమూనాగా చూసుకున్నాను. అంతకు ముందెప్పుడూ నా కణుపుల మీద ఎన్ని ముడతలున్నాయో లెక్కపెట్టలేదు. రెండో వాయి తీసేసరికి అమ్మాయి "అమ్మా, ఇవి అమ్మమ్మ వేళ్లలా ఉన్నాయి" అంది. మా అమ్మ చెవి మెలిపెట్టిన వేళ్లు.

కాజాల ఆలోచన అప్పుడే తట్టింది. గొట్టం కాజా రూపం చూడండి, వేలి రూపమే. కొరికితే లోపలి పాకం చివ్వున చిమ్ముతుంది. ఇంతకన్నా ఏం కావాలి? ఫ్రిజ్‌లో దాచిన ఇరవై నాలుగు తీసి, పాకం మళ్లీ కదిలేంత మటుకు వెచ్చబెట్టి, బీట్‌రూట్ రసాన్ని పంచదారతో చిక్కగా మరగబెట్టి కొసన పూసి, దాని మీద గింజ అతికించాను. కొట్లో చేసినవి కనుక వాటిలో ఏం కలిసిందో నేను పూచీ పడలేను. అందుకని వేరే పళ్లెంలో, వేరే బల్ల మీద, పప్పులు పడనివాళ్లు ముట్టవద్దని చీటీ పెట్టించాను.

రసగుల్లాల రసం పిండి, మధ్యలో గుంట చేసి బ్లూబెర్రీ దించితే కనుగుడ్లు. మూడు కుటుంబాలు శాకాహారులు. జెల్లీ పురుగుల్లో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. అందుకని సముద్రపు నాచు నుంచి వచ్చే చైనా గ్రాస్ కాచి పుర్రె అచ్చుల్లో పోశాం, ఫ్రిజ్ కూడా అక్కర్లేకుండా పేరుకుంది. అల్లుడు పనీర్ ముక్కలకు పిండి పట్టీలు చుట్టి ఈజిప్టు మమ్మీలన్నాడు. అవి కట్టు కట్టిన బొటనవేళ్లలా ఉన్నాయి, ఏదైతేనేం.

పానీయాల్లో నా వంతు శంఖుపూలు. కాకినాడలో శివుడికి పెట్టే నీలం పూలు ఇక్కడ ఎండబెట్టి పొట్లాల్లో అమ్ముతున్నారు. వేడినీళ్లలో వేస్తే సిరా రంగు దిగుతుంది, నిమ్మరసం పిండితే ఊదాగా మారుతుంది. పిల్లలే పిండుకునేలా నిమ్మచెక్కలు పక్కన పెట్టాం. రుచికి తేనె కలపకపోతే గడ్డినీళ్లే. దానిమ్మరసం గంగాళంలోకి మాత్రం మంచు చెయ్యి. శుభ్రమైన చేతి తొడుగులో నీళ్లు పోసి గడ్డకట్టించి, గోరువెచ్చని నీళ్లలో ముంచి తొడుగు ఒలిచాం. ఒలుస్తుంటే ఉంగరపు వేలు పుటుక్కున విరిగింది. దాన్నీ వదిలాం, విడిగా తేలింది.

పొగ కోసం అల్లుడు శుక్రవారం సాయంత్రమే రెండు కిలోల డ్రై ఐస్ తెచ్చి పెట్టెలో ఉంచాడు. శనివారం మధ్యాహ్నం చూస్తే సగం లేదు. కరగలేదు, తడి లేదు, హారతి కర్పూరంలా హరించుకుపోయింది. గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్ అది, మైనస్ 78 డిగ్రీలు, ఉత్తచేత్తో పట్టుకుంటే కాలినట్టే పొక్కుతుంది. మింగితే ఇంకా ప్రమాదం. అందుకని తాగే రసంలో వేయనివ్వలేదు. పెద్ద పళ్లెంలో వేడినీళ్లు పోసి, మందపాటి తొడుగులతో మిగిలిన ముక్కలు అందులో వేసి, మధ్యలో రసం గంగాళం నిలబెట్టాం. కిటికీలు రెండు తెరిచి ఉంచాం. పొగ పైకి లేవలేదు, బల్ల అంచు మీదుగా జారి పిల్లల మోకాళ్ల చుట్టూ పాకింది.

అనుకున్నట్టే ఒకరు ఏడ్చారు. నాలుగేళ్ల చిన్నవాడు, తేలుతున్న ఉంగరపు వేలిని చూసి. వాళ్ల అన్న కాజా కొరికి, గడ్డం మీద పాకం కారుతుంటే నవ్వుతూ నిలబడ్డాడు. చిన్నవాడు ఏడుపు ఆపి అన్న గడ్డం మీది చుక్కను వేలితో తీసి నాకాడు. ఆ తర్వాత వాడు మూడు వేళ్లు తిన్నాడు. కనుగుడ్లు పెద్దవాళ్లే ఎక్కువ తిన్నారు. గుమ్మడి పులుసు వండినట్టు ఎవరికీ గుర్తే రాలేదు, మర్నాడు మేమే తిన్నాం.

31వ తేదీ సాయంత్రం స్వెటర్ కూడా అవసరం లేనంత వెచ్చగా ఉంది. మెట్ల మీద ప్రమిదలు వరసగా పెట్టాం. వాటి పక్కన గుమ్మడికాయ ముఖం అప్పటికే లోపలికి కుంగి బూజు పట్టింది, ముక్కును ఉడుతలు తినేశాయి. మనవరాలు పట్టుపరికిణీ కట్టుకుని, దాని మీద మంత్రగత్తె టోపీ పెట్టుకుంది. పిల్లలు గుంపులుగా వచ్చి చాక్లెట్లు తీసుకుని వెళ్తున్నారు. కొందరు ప్రమిదల దగ్గర ఆగి, ఊదకుండా చేతులు వెనక్కి పెట్టుకుని చూశారు. ఎనిమిది దాటాక ఆ నాలుగేళ్లవాడు ఎలుగుబంటి వేషంలో వాళ్లమ్మతో వచ్చాడు. చాక్లెట్ల పళ్లెం చూపిస్తే తల అడ్డంగా ఊపాడు. వేలు కావాలట. నా కోసం దాచుకున్న కాజా ఒక్కటి మిగిలి ఉంది, తెచ్చి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూశాడు. దీనికి గోరేదని అడిగాడు. మళ్లీ లోపలికి వెళ్లి డబ్బా అడుగున గుమ్మడి గింజ కోసం వెతికాను.