పోటు చూసుకుని పిట్టల దగ్గరికి

సింగపూర్‌లో కాపురం పెట్టిన కొత్తలో మా పిల్లలకి జంతువులంటే జూ ఒక్కటే. అక్కడి జూ బాగుంటుంది, కాదనను. కానీ ఎవరూ పెంచని, ఎవరూ మేత వేయని మొసలిని మెట్రో దిగి ఒక్క బస్సెక్కితే చూడొచ్చని తెలిశాక మా ఆదివారాలు సుంగే బులో వైపు మళ్లాయి.

ద్వీపానికి వాయవ్య కొసన, జొహోర్ జలసంధి ఒడ్డున ఉన్న మడ అడవి ఇది. ఒకప్పుడు ఇక్కడ రొయ్యల చెరువులుండేవి. పక్షుల్ని ప్రేమించేవాళ్లు పట్టుబట్టడంతో ప్రభుత్వం 1989లో దీన్ని ప్రకృతి పార్కుగా ప్రకటించింది. 1993లో జనానికి తెరిచారు, 2002లో నేచర్ రిజర్వ్ హోదా వచ్చింది. ఆ చెరువుల్ని పూడ్చలేదు. తూములతో నీటిమట్టాన్ని పిట్టలకి సరిపోయేలా ఉంచుతారు. నాకు ఈ ఊళ్లో బాగా నచ్చిన పనుల్లో ఇదొకటి.

వెళ్లే ముందు మేం వాన సూచన కన్నా ముందు ఆటుపోట్ల పట్టిక చూస్తాం. పోటు మీద బయటి బురద మేటలు మునిగిపోతాయి, అప్పుడు పిట్టలన్నీ ఈ చెరువుల్లోకి వచ్చి వాలతాయి. సెప్టెంబరు నుంచి మార్చి దాకా సైబీరియా వైపు నుంచి వచ్చిన వలస పక్షులుంటాయి. కొన్ని ఇక్కడ ఆగి, మేసి, ఇంకా దక్షిణానికి ఆస్ట్రేలియా దాకా పోతాయి. పిడికెడు పిట్ట అంత దూరం ఎగిరొచ్చిందని చెబితే మా పెద్దాడు నమ్మలేదు. బైనాక్యులర్ ఇచ్చి, ఒంటికాలి మీద నిలబడి నిద్రపోతున్నవాటిని చూపించాను. ఆ తర్వాత వాడు ప్రశ్నలు ఆపలేదు.

ఆటు వేళ బురదంతా బయటపడి మడ్‌స్కిప్పర్లు కనిపిస్తాయి. మా చిన్నదానికి మొసలి కన్నా ఇవే ఇష్టం. చేపే, కానీ ముందు రెక్కల మీద బలం పెట్టి బురదలో పాక్కుంటూ వస్తుంది. కళ్లు నెత్తి మీద ఉబ్బెత్తుగా ఉంటాయి. మధ్యమధ్య వాటిని లోపలికి లాక్కుని తడి చేసుకుని మళ్లీ పైకి తెస్తుంది. ఒంటికి తడి ఉన్నంతసేపూ చర్మంతో కూడా ఊపిరి పీల్చుకోగలదు కాబట్టి ఉండుండి బురదలో పక్కకి దొర్లుతుంది. చెక్క బాట మీద బోర్లా పడుకుని చూస్తే ఇదంతా మూరెడు దూరంలోనే జరుగుతుంది.

మొసలి కోసం పెద్ద వంతెన మీద ఆగాలి. ఉప్పునీటి మొసలి అది, నీళ్లలో ముక్కూ కళ్లూ తప్ప ఏమీ తేలవు. పిల్లల చేతులు వదలకూడదు, కమ్మీ మీదికి ఎక్కనివ్వకూడదు.

కాకినాడ నుంచి మా అత్తగారు వచ్చినప్పుడు ఆవిణ్ణీ తీసుకెళ్లాం. మడ చెట్ల వేళ్లు చూడగానే, "ఇది మన కోరంగిలాగే ఉంది కదమ్మాయ్!" అన్నారు. అంతలో కాలువలో నీటికుక్కల గుంపు చేపల్ని తరుముతూ పోయింది. సింగపూర్ నుంచి దాదాపు కనుమరుగైన ఈ జంతువులు నదులు శుభ్రపడ్డాక 1990ల్లో తిరిగొచ్చాయి. ఈ రకమే కోరంగి మడల్లోనూ ఉంటుంది. కాకినాడలో పుట్టి పెరిగినా ఆవిడ వాటిని అక్కడ చూడలేదట.

బాటకి అడ్డంగా పెద్ద నీటి ఉడుము పడుకుంటే అది కదిలేదాకా ఆగాల్సిందే. కోతులుండే చోట చేతిలో ప్లాస్టిక్ సంచీ కనపడనివ్వకండి. అడవి జంతువులకి తిండి పెట్టడం ఇక్కడ చట్టం ప్రకారం నేరం, ఆ చట్టం మంచిదే. తిండికి అలవాటు పడ్డ కోతి మనుషుల మీదికి వస్తుంది, చివరికి నష్టపోయేది అదే.

తర్వాత మేం పట్టుకున్నది పులావ్ ఉబిన్ దీవి. చాంగీ నుంచి చిన్న పడవ, 12 మంది ఎక్కగానే కదులుతుంది. దీవి తూర్పు కొసన చెక్ జావా తీరాన్ని పూడ్చాలనుకున్నారు. జనం, శాస్త్రవేత్తలు అక్కడి జీవాల్ని లెక్కకట్టి చూపించాక 2001 డిసెంబరులో ఆ పని వాయిదా పడింది. అక్కడికి మాత్రం ఆటు మీదే వెళ్లాలి, నీటిమట్టం 0.5 మీటర్ల లోపుంటే సముద్ర గడ్డీ పీతలూ బాగా కనపడతాయి. దీవిలో పెద్ద ముక్కున్న హార్న్‌బిల్ పక్షులూ ఉన్నాయి. ఆడది చెట్టు తొర్రలో గుడ్లు పెట్టి, ముక్కు పట్టేంత సందు వదిలి తలుపు మూసేసుకుంటుంది, మగది తిండి మోసుకొచ్చి అందిస్తుంది. అది విని అత్తగారు మావారి వైపు తిరిగి, "విన్నావురా?" అన్నారు.