తెలియని సిటీలో స్క్వాష్ కోర్ట్ వెతుక్కున్న నా అనుభవం

ఆఫీస్ పని మీద 12 రోజులు ఓ పెద్ద సిటీకి వెళ్ళాల్సొచ్చింది. బ్యాగ్‌లో ముందు పెట్టుకుంది స్క్వాష్ రాకెట్ (నాలుగు గోడల మధ్య బాల్‌ని గోడకి కొడుతూ ఇద్దరు ఆడే ఆట లెండి), తర్వాత షూస్, గాగుల్స్, రెండు బాల్స్, ఆఫీస్ చొక్కాలు ఆఖర్న ఎలా పడితే అలా కుక్కేశా. అంత పెద్ద సిటీలో కోర్టులకి కరువేంటి, దిగిన రోజు సాయంత్రమే మ్యాప్‌లో స్క్వాష్ అని కొడితే పక్కనే ఏదో ఒకటి దొరుకుద్దిలే అనుకున్నా. మొదటి బాల్ గోడకి కొట్టేసరికి ఐదో రోజు వచ్చింది.

మ్యాప్ అయితే బానే చూపించింది, 14 చోట్ల గుర్తులు పెట్టింది. అన్నీ తిరిగి, ఫోన్లు చేసి తేలిందేంటంటే బయటివాళ్ళు ఆడుకోడానికి పనికొచ్చేవి మూడే. మొదటి రోజు వెళ్ళింది ఓ హోటల్‌కి. బోర్డు మీద స్క్వాష్ అని ఉంది, జిమ్ కుర్రాడు తాళం కూడా తీశాడు, తీస్తే లోపల ఫంక్షన్ హాల్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, వాటి పైన ఎదురు గోడ మీద సర్వీస్ లైన్ మాత్రం ఎర్రగా కనిపిస్తోంది. ఇది ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది అంటే, నేను చేరినప్పట్నుంచీ ఇంతే సార్ అన్నాడు. ఇంకో చోట కోర్టులో మ్యాట్లు పరిచి యోగా క్లాస్ నడుపుతున్నారు. కోపం కూడా రాలేదు నాకు, ఎందుకంటే ఒక కోర్ట్ పొడవు 9.75 మీటర్లు, వెడల్పు 6.4 మీటర్లు, అంత చోటులో ఒకేసారి ఆడేది ఇద్దరే, అదే చోట యోగాకి పాతికమంది డబ్బులు కడతారు. ఓనర్ లెక్క ఓనర్‌ది.

మూడోది అసలు దెబ్బ. ఫోన్లో అడిగితే ఉంది రండి అన్నారు, వెళ్తే అది రాకెట్‌బాల్ కోర్ట్. రెండూ ఒకటే కదండీ అని రిసెప్షన్‌లో ఆవిడ నన్నే తిరిగి అడిగింది. ఒకటి కాదు తల్లీ. రాకెట్‌బాల్ కోర్ట్ పొడవు 12 మీటర్ల పైన ఉంటుంది, వెడల్పేమో స్క్వాష్ కన్నా తక్కువ, ఎదురు గోడ కింద టిన్ (బాల్ తగిలితే ఔటయ్యే పట్టీ) ఉండదు, వాళ్ళ ఆటలో సీలింగ్‌కి కొట్టినా చెల్లుద్ది. టిన్ లేకుండా డ్రాప్ (టిన్‌కి కాస్త పైన మెల్లగా తగిలించే షాట్) కొట్టడమంటే నెట్ లేకుండా టెన్నిస్ ఆడినట్టు. రానూపోనూ రెండు గంటల ప్రయాణం అలా వృథా అయ్యాక ఓ అలవాటు చేసుకున్నా, ఎక్కడికి వెళ్ళే ముందైనా జనం పెట్టిన ఫోటోలు చూడటం. ఎదురు గోడ అడుగున, నేల నుంచి అర మీటర్‌కి కాస్త తక్కువలో (సరిగ్గా చెప్పాలంటే 48 సెంటీమీటర్లు) అడ్డంగా పట్టీ ఉండి, నేల మీద కుడివైపు ఒకటి ఎడమవైపు ఒకటి చదరం డబ్బాలు గీసి ఉంటే అది స్క్వాష్. నేల మీద ఈ గోడ నుంచి ఆ గోడకి అడ్డంగా రెండు గీతలు పక్కపక్కనే ఉంటే రాకెట్‌బాల్, ఇక ఆ పేజీ మూసేయొచ్చు.

ఆ తర్వాత రెండు రోజులు ఆఫీస్ లంచ్ టైంలో ఫోన్లే ఫోన్లు. మొదట్లో "కోర్ట్ ఉందాండి" అని అడిగేవాణ్ణి, అది పనికిమాలిన ప్రశ్న, ఉంది అంటారు అంతే. తర్వాత తర్వాత ప్రశ్నలు మార్చా. మెంబర్ కానివాళ్ళని రానిస్తారా, లేక మెంబర్ ఎవరైనా వెంటబెట్టుకుని రావాలా? ఒక్కణ్ణే వచ్చి ప్రాక్టీస్ చేసుకుంటే బుకింగ్ ఇస్తారా? స్లాట్ ఎంతసేపు, 40 నిమిషాలా గంటా? పగలు ఖాళీ ఉంటుందా? వీటిలో మొదటిదానికే సగం క్లబ్బులు ఎగిరిపోయాయి. మెంబర్ తీసుకురావాలంట, నాకేమో ఆ సిటీలో తెలిసిన మెంబర్ సంగతి దేవుడెరుగు, తెలిసిన మనిషే లేడు. ఒక చోట మాత్రం మీ ఊళ్ళో ఏ క్లబ్ అని అడిగారు. కొన్ని క్లబ్బులకి వేరే ఊళ్ళ క్లబ్బులతో ఒప్పందం ఉంటుందంట, ఒక లెటర్ తెచ్చుకుంటే గెస్ట్‌గా ఆడనిస్తారంట. ఈ ముక్క బయల్దేరే ముందు తెలిసుంటే మా సెక్రటరీ గారి దగ్గర రెండు నిమిషాల్లో అయిపోయే పని. దూరం నుంచి మెయిల్ పెట్టా, జవాబు నేను తిరిగొచ్చాక వచ్చింది.

ఇంకొకటి యాప్ గోల. బాగున్న ఒక సెంటర్లో బుకింగ్ అంతా యాప్‌లోనే, ఫోన్లో తీసుకోరు, నేరుగా వెళ్ళి కౌంటర్ దగ్గర నిలబడ్డా యాప్‌లోనే చేస్కోండి అంటారు. యాప్‌కి ఓటీపీ కావాలి, ఓటీపీ నా నంబర్‌కి రాదు. ఖాళీ కోర్ట్ అద్దం లోంచి కళ్ళ ముందే కనిపిస్తోంది, లైట్లు కూడా వెలుగుతున్నాయి, లోపల ఒక్క మనిషి లేడు, నేను బయట నిలబడి ఓటీపీ మళ్ళీ పంపు అని నొక్కుతున్నా. అప్పుడైతే నిజంగా ఒళ్ళు మండింది.

చివరికి పని జరిగింది ఓ యూనివర్సిటీ స్పోర్ట్స్ బ్లాక్‌లో. పిల్లలకి సెలవులు, అందుకని బయటివాళ్ళకి గంట లెక్కన ఇస్తున్నారు. కౌంటర్లో పెద్దాయన ఓటీపీ అడగలేదు గానీ షూస్ అడిగాడు. తీసిచ్చా. తిరగేసి, సోల్‌ని నేల మీద గట్టిగా రుద్ది, వంగి చూశాడు గీత పడిందేమో అని. పడలేదు. అప్పుడు రిజిస్టర్ నా వైపు తిప్పి పెన్ను చేతికిచ్చాడు. నాకు ఆ పద్ధతి తెగ నచ్చేసింది, నల్ల సోల్ చారలు పడ్డ కోర్టులో ఆడినవాళ్ళకి తెలుసు ఎందుకో.

ఐదో రోజు పొద్దున 7 గంటలకి కోర్టులో నేనొక్కణ్ణే. బయట చలి, లోపల ఇంకా చలి, గోడలు ముట్టుకుంటే ఐసు. నేను తెచ్చుకున్న రెండు బాల్సూ రెండు పసుపు చుక్కలవి, అవి ఉన్నవాటిలో మొండివి, బాగా వేడెక్కితే గానీ లేవవు. 24 గ్రాముల రబ్బరు ముద్ద, కింద వదిలితే చచ్చిన ఎలకలా అక్కడే పడుకుంది. కాలి కింద వేసి దొర్లించి, గోడకి దగ్గరగా నిలబడి ఓ పది నిమిషాలు బాదితే అప్పుడు కొంచెం ప్రాణం వచ్చింది. ఒక్క పసుపు చుక్కది కూడా ఒకటి తెచ్చుకోవాల్సింది, అది ఇంకాస్త లేస్తుంది, చల్లటి కోర్టుకి అదే మేలు. రెండు చుక్కలవే తెచ్చుకోవడంలో, మన కోర్టులో ఏది ఆడతామో అదే గొప్ప అనుకోవడం తప్ప ఏం లేదు.

కోర్ట్ దొరికింది, మనిషి దొరకాలి కదా. ఒక్కడివే గోడకి కొడుతుంటే చూడ్డానికి పిచ్చోడిలా ఉంటుందేమో అని నాకు మొదట్నుంచీ మొహమాటం, కానీ మనిషి దొరికింది దానివల్లే. వెనక గోడ అద్దం. రెండో రోజు ప్రాక్టీస్‌లో కుడి గోడ వెంబడి డ్రైవ్‌లు కొడుతుంటే అద్దం అవతల ఒకాయన వచ్చి నిలబడ్డాడు, వయసు 60 దాటి ఉంటుంది, మోకాలికి పట్టీ, చేతిలో గ్రిప్ నల్లబడిపోయిన పాత రాకెట్. తలుపు మీద వేలితో కొట్టి, ఆడతావా అన్నట్టు రాకెట్ ఎత్తి చూపించాడు. మీ లెవెల్ ఏంటి అని అడుగుతాడేమో అనుకున్నా. ఈ ప్రశ్నకి ఇంటర్మీడియట్ అని చెప్పి రెండుసార్లు మోసపోయా నేను, ఒకసారి వాళ్ళు నన్ను పదకొండుకి రెండుతో ఉతికారు, ఒకసారి అవతలివాళ్ళు ర్యాలీయే నిలపలేకపోయారు. అందుకే "లెంగ్త్ (వెనక గోడ దాకా లోతుగా కొట్టడం) పడుద్ది, డ్రాప్ పది కొడితే నాలుగు టిన్‌కి తగుల్తాయి" అని చెబుదామని రెడీగా పెట్టుకున్నా. ఆయన అసలు అడగలేదు. ఇంతసేపూ అద్దం లోంచి చూసింది దానికేగా.

ఆట మొదలైంది. ఆయన పరిగెత్తడు, మధ్యలో గీతలు టీ (T) ఆకారంలో కలిసే చోట నిలబడి నన్ను నాలుగు మూలలకీ తిప్పుతాడు. అయినా నేను బాగానే లాగుతున్నా, నా లెక్కలో 5-3 నేను ముందున్నా. ఆయన సర్వ్ బాక్స్‌లోకి వెళ్తూ "ఒకటి-మూడు, సర్వ్ నాది" అన్నాడు. వినబడలేదేమో అనుకుని 5-3 అన్నా. ఒకటి-మూడు అన్నాడు మళ్ళీ, నింపాదిగా. అప్పుడు వెలిగింది నాకు, ఆయన పాత స్కోరింగ్‌లో ఆడుతున్నాడు, గేమ్ 9కి, సర్వ్ చేసేవాడు గెలిస్తేనే పాయింట్, అవతలివాడు గెలిస్తే సర్వ్ మాత్రమే చేతులు మారుతుంది. నేనేమో ఇప్పుడు అందరూ ఆడే 11 పాయింట్ల పద్ధతిలో, ఎవరు ర్యాలీ గెలిస్తే వాళ్ళకి వేసుకుంటూ పోతున్నా. ఎనిమిది ర్యాలీలు ఆడి ఇద్దరం రెండు వేరే వేరే గేముల్లో ఉన్నాం. ఆ గేమ్ ఆయన లెక్కే ఖాయం చేసుకున్నాం, కోర్ట్ ఆయనది కదా. పోయింది నాకు.

ఆ ఒక్క పరిచయంతో మిగతా తలుపులన్నీ వాటంతటవే తెరుచుకున్నాయి. ఆయన ఇంకో క్లబ్‌లో మెంబర్, నన్ను గెస్ట్‌గా రాయించి వాళ్ళ గ్రూప్ ఆడే సాయంత్రం తీసుకెళ్ళాడు, గెలిచినవాడు కోర్టులో ఉంటాడు, ఓడినవాడు బెంచీ మీదకి. ఒక్క సాయంత్రంలో ఏడుగురితో ఆడా. వాళ్ళలో ఒకమ్మాయి నా ఓటీపీ కథ విని నవ్వి, తన ఫోన్లోంచే ఆ సెంటర్లో రెండు స్లాట్లు బుక్ చేసిచ్చింది. 14 గుర్తులున్న మ్యాప్ కన్నా ఆ బెంచీ మీద అరగంట కూర్చోవడం ఎక్కువ పనికొచ్చింది నాకు. తెలిసుంటే అసలు మొదటి రోజే ఏ క్లబ్‌కి ఫోన్ చేసినా కోర్ట్ సంగతి వదిలేసి, మీ వాళ్ళంతా కలిసి ఆడేది ఏ రోజు అనే అడిగేవాణ్ణి.

ఆఖరి రోజు సాయంత్రం మళ్ళీ ఆయనతోనే, యూనివర్సిటీలో. అక్కడ లైట్లకి టైమర్ ఉంటుంది, కౌంటర్లో పెద్దాయన గంటకి తిప్పి పెడతాడు, గంట అవగానే అదే ఆరిపోద్ది. గేములు చెరొకటి, మూడోది 8-8కి వచ్చింది. పాత రూల్‌లో అక్కడికొస్తే సర్వ్ అందుకునేవాడు తేల్చాలి, 9కే ముగిద్దామా 10 దాకా వెళ్దామా అని. ఆయన చొక్కా అంచుతో గాగుల్స్ తుడుచుకుని కాసేపు ఆలోచించి, పది అన్నాడు. నేను బాల్ పైకి వేశా, లైట్లు పోయాయి. చీకట్లో బాల్ ఎక్కడో పడి దొర్లుతున్న చప్పుడు, ఆయన నవ్వు. తలుపు బయట తర్వాతి స్లాట్ వాళ్ళు అప్పటికే రాకెట్లు పట్టుకుని నిలబడున్నారు, నాకు తెల్లారి ఫ్లైట్. స్కోరు 8-8, సర్వ్ నాది.