మిద్దె మీద వాన, గుంటలో ఇసుక

చెన్నైలో వాననీటిని నేలలోకి ఇంకించే గుంట 2003 నుంచి తప్పనిసరి. కానీ తవ్వి వదిలేస్తే అది దోమల తొట్టే!

వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే 93 లీటర్లు. మొదటి వానకు దుమ్మూ పావురాల రెట్టా కొట్టుకొస్తాయి; సుమారు 200 లీటర్లు వాల్వు తిప్పి బయటికి వదిలేయండి.

గుంట అడుగున 40 ఎం.ఎం. సైజు కంకర, దానిపైన 20 ఎం.ఎం. సైజుది, అన్నిటికన్నా పైన ముతక ఇసుక. ఇసుకకూ కంకరకూ మధ్య నైలాన్ వల పరవకపోతే ఇసుక కిందికి జారి సందులు పూడుకుపోతాయి. మేస్త్రీలు ఎగ్గొట్టేది సరిగ్గా ఇదే.

బెసెంట్ నగర్ లాంటి ఇసుక నేలలో ఆరడుగులు చాలు. బంకమట్టి అయితే నీళ్లు ఇంకే పొర తగిలేదాకా బోరు దించాలి. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో వస్తాయి కనుక సెప్టెంబరులోనే పై ఇసుక తీసి కడగండి. వాషింగ్ మెషీన్ పైపు మాత్రం ఇందులో కలపొద్దు.