72 జడలు

ఆదివారం, రాత్రి

పొద్దున్న లేవగానే అలవాటుగా కుడి మణికట్టు తిప్పి చూసుకున్నాను. అరచేయి కిందికి బోర్లించడం బాగానే వస్తోంది. పైకి తిప్పడమే ముప్పావు దారిలో ఆగిపోతోంది. పిండికట్టు విప్పి మూడు వారాలైంది. ఆరు వారాలు కదలకుండా ఉన్న చెయ్యి తొందరపెడితే మాట వినదని ఫిజియోథెరపిస్టు చెబుతూనే ఉన్నారు. అయినా ఇవాళ దానికి పని పెట్టక తప్పదు. ఎదురింటి మామ్మగారికి కార్డు చేస్తానని నాకు నేను మాటిచ్చుకుని చాలా రోజులైంది.

చెయ్యి విరిగిన మర్నాడు ఒంటిచేత్తో పాప జుట్టు చిక్కు తీస్తూ అవస్థ పడుతున్నాను. పాప కళ్ళ నిండా నీళ్ళు. తీసి ఉన్న తలుపులోంచి ఆ గొడవ వినపడినట్టుంది, మామ్మగారు గోడ పట్టుకుంటూ వచ్చి, "దువ్వెన ఇటియ్యి అమ్మాయ్" అన్నారు.

ఆవిడకి చూపు సరిగా లేదు. మాక్యులార్ డీజనరేషన్. దేన్ని సూటిగా చూద్దామన్నా సరిగ్గా అక్కడే మసక మచ్చ అడ్డం వస్తుంది, పక్కలు మాత్రం లీలగా తెలుస్తాయి. ఎదుట నిలబడ్డ మనిషి ముఖం ఆనదు, ఆ మనిషి పక్కనున్న తలుపు ఆనుతుంది. అలాంటి ఆవిడ పాపని మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, చిటికెన వేలి గోటితో నుదుటి నుంచి మెడ దాకా ఒక్క గీత గీసి పాపిడి తీశారు. అంత తిన్నటి పాపిడి నేను రెండు కళ్ళూ పెట్టి ఏనాడూ తీయలేదు. ఆ ఆరు వారాల్లో ఆదివారాలు పోను 36 పొద్దుటలు వచ్చారు. వచ్చినప్పుడల్లా రెండు జడలు. ఇప్పుడు నేనే వేస్తున్నాను కానీ మధ్యాహ్నానికే వదులైపోతున్నాయని పాప చెబుతోంది.

"మామ్మకి కనపడదు కదా, కార్డెందుకు?" అని అడిగింది పాప, నేను బల్ల మీద సామాను పరుస్తుంటే. ఆ ప్రశ్నకి నాలుగు రోజులుగా నా దగ్గరా జవాబు లేదు. నీటిరంగులతో పూలు వేద్దామనుకుని, కాగితం కూడా పలకకి టేపుతో అంటించి, బ్రష్షు తడిపాక ఆగిపోయాను. రంగు ఎంత బాగా పట్టినా వేలికి తగిలేది ఉత్త కాగితమే కదా. అప్పటినుంచీ లెక్క మార్చేశాను. ఈ కార్డులో ఏది పెట్టినా వేలికి తెలియాలి. తెలియనిది ఎంత అందమైనదైనా వద్దు.

ముందు అట్ట. 300 జీఎస్‌ఎం కార్డుషీటు, మీగడ రంగుది. చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో అదే జీఎస్‌ఎం. ప్రింటర్లో పెట్టే 80 జీఎస్‌ఎం ఏ4 కాగితం ఒక్కటి 5 గ్రాములుంటే, ఇది దాదాపు 19 గ్రాములు. దారం కుట్టి లాగినా, పైన బరువు అంటించినా వంగకూడదంటే ఈ మాత్రం మందం ఉండాలి. మందం ఉంది కదా అని మొదటి షీటుని సగానికి మడిచేశాను. మడత మీద నిలువునా పగిలి, లోపలి నార బయటికొచ్చింది. కాగితానికీ నార పోయే దిశ ఉంటుందని తెలిసి తెలిసీ చూసుకోలేదు. రెండో షీటుని అటూ ఇటూ మెల్లిగా వంచి చూశాను. ఎటు వంచితే తేలిగ్గా లొంగిందో ఆ దిశకే మడత రావాలి. స్కేలు ఆనించి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో ఒక గాడి గీసి, ఆ గాడి బయటివైపు ఉండేలా మడిచాను. ఈసారి మడత కత్తితో గీసినట్టు వచ్చింది.

తర్వాత జడ. ఈ కార్డులో ప్రాణమంతా దాని మీదే పెట్టుకున్నాను.

ముదురు నీలం ఎంబ్రాయిడరీ దారం తీసుకున్నాను. లేత రంగు మీద ముదురు రంగైతే ఆవిడకి పక్కచూపుకైనా చారలా ఆనుతుంది. పాయకి నాలుగు దారాల చొప్పున పన్నెండు దారాలు, ఒక్కోటి జానెడున్నర. అల్లితే పొడవు తగ్గుతుంది కాబట్టి కావలసిన దానికన్నా ఎక్కువే కత్తిరించాను. ఒక కొసన ముడి వేసి, దాని మీద బరువైన పుస్తకం పెట్టి అల్లడం మొదలుపెట్టాను. కుడి పాయ మధ్యకి, ఎడమ పాయ మధ్యకి. పాప జుట్టుతో ఎన్నేళ్ళుగానో చేస్తున్న పనే. కానీ దారం జుట్టులా సాగదు, జుట్టులా జారదు, ఎంత లాగితే అంత మాత్రమే బిగుస్తుంది. కుడిచెయ్యి తిరగాల్సిన చోట తిరగక, మధ్యమధ్యలో పాయని పళ్ళతో పట్టుకున్నాను. సగం అల్లాక మొదటికి వచ్చాను. రెండోసారి కాస్త నయం.

అల్లిన జడని జిగురుతో అంటించేయొచ్చు. కానీ దారం జిగురు తాగితే ఆరాక పుల్లలా బిరుసెక్కుతుంది. జడ ముట్టుకుంటే మెత్తగా, వేలి కింద కొంచెం కదిలేలా ఉండాలి. అందుకని కుట్టాను. అట్ట పైభాగం నుంచి కింది దాకా పెన్సిల్‌తో సన్నటి గీత గీసి, అట్ట కింద తువ్వాలు మడత పెట్టి, గీతకి రెండు పక్కలా సూదితో ముందే చిల్లులు పొడుచుకున్నాను. ఒక్కో చిల్లుకీ మధ్య ఒక సెంటీమీటరు ఎడం. చిత్తుముక్క మీద మూడు మిల్లీమీటర్లకొకటి పొడిచి చూస్తే, దారం లాగగానే తపాలా బిళ్ళ అంచులా చిరిగిపోయింది. జడని గీత మీద పరిచి, రెండు పోగుల దారంతో కింది నుంచి పైకి, జడ మీదుగా మళ్ళీ కిందికి. వెనకవైపు ముడి వేయలేదు, వేస్తే లోపలి పేజీలో గడ్డలా తగులుతుంది. దారం కొసల్ని టేపుతో అణిచి, పైన ఇంకో కాగితం అంటించాను. జడ చివర పాప పాత రిబ్బన్ ముక్క. తనే పెట్టెలోంచి వెతికి తెచ్చింది, మామ్మ ఎక్కువ రోజులు కట్టింది ఇదేనట. నైలాను రిబ్బన్ కాబట్టి కొసల్ని మంటకి చూపించీ చూపించనట్టు చూపిస్తే అంచు కరిగి, పోగులు ఊడకుండా నిలిచింది.

క్విల్లింగ్ పూలు, అంటే సన్నటి కాగితం పట్టీలు చుట్టి చేసే పూలు, వారం రోజులుగా రాత్రిపూట చుడుతూనే ఉన్నాను. మణికట్టుతో పని లేకుండా వేళ్ళ కొసలతోనే అయ్యే పని అదొక్కటే. క్విల్ అంటే పక్షి ఈక, పూర్వం ఆ ఈక కాడకే కాగితం చుట్టేవారట, ఆ పేరే ఉండిపోయింది. నా చేతిలో ఉన్నది చీలిక ఉన్న చిన్న పుల్ల. పట్టీ కొస ఆ చీలికలో దూర్చి చుట్టి, వదులుగా విచ్చుకోనిచ్చి, తోకకి చుక్క జిగురు పెట్టి, ఒకవైపు నొక్కితే నీటిచుక్క ఆకారం వస్తుంది. రెండువైపులా నొక్కితే కన్ను. మూడు మిల్లీమీటర్ల పట్టీలతో చేసిన చిన్న పూల గుత్తి చూడ్డానికి ఎంత ముద్దుగా ఉందో. జడ పక్కన పేర్చి, ఇక అంటించబోతూ, కళ్ళు మూసుకుని వేలితో తడిమాను.

ఏమీ తెలియలేదు. ముద్దగా, గరుకుగా ఏదో ఉంది, అంతే. రేకులన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉంటే కంటికి గుత్తి, వేలికి గడ్డ. పాపని పిలిచి, కళ్ళు మూసి, "ఇదేంటో చెప్పు" అన్నాను. చాలాసేపు తడిమి "గోడ మీద పెచ్చు" అంది. ఆ గుత్తిని అలాగే తీసి పక్కన పెట్టేశాను, మనసు చివుక్కుమంది కానీ తీసేశాను. ఐదు మిల్లీమీటర్ల పట్టీలతో ఒక్కటే పువ్వు మళ్ళీ చుట్టాను. పెద్ద రేకులు ఐదు, రేక్కీ రేక్కీ మధ్య చూపుడువేలి కొస దిగేంత సందు, మధ్యలో గట్టిగా చుట్టిన బొడ్డు. రేకులు వేలికి అణగకుండా జిగురులో నీళ్ళు కలిపి పల్చగా పూసి ఆరబెట్టాను. ఈసారి పాప మొదటి రేకు తగలగానే "పువ్వు!" అని అరిచింది.

దువ్వెన ఆలోచన పాపదే. అట్టపెట్టె ముక్క తీసుకుని పైపొర తడిపి మెల్లిగా ఒలిచేస్తే లోపలి గాళ్ళు బయటపడ్డాయి. దువ్వెన ఆకారంలో కత్తిరించి, ఆరాక పువ్వు కింద అంటించాం. గోరుతో గీస్తే నిజం దువ్వెన పళ్ళ మీద గీసినట్టే గర్రుమంటుంది. నాకైతే ఈ కార్డులో అన్నిటికన్నా అదే నచ్చింది.

ఇక మాట. ఇదే అన్నిటికన్నా కష్టమైంది. ధన్యవాదాలు అంటే సభ చివర మైకులో చెప్పే మాటలా ఉంటుంది, మా ఇద్దరి మధ్య అలాంటి మాట ఎప్పుడూ లేదు. థాంక్స్ అనేది తలుపు పట్టుకున్నవాళ్ళకి నడుస్తూ నడుస్తూ అనేది. కృతజ్ఞతలు రాసి చూశాను, అదీ నా నోటి మాట కాదు. చాలాసేపు మార్కర్ పట్టుకుని కూర్చుని, చివరికి ఆవిడ ఏం చేశారో అదే రాశాను. అంగుళం ఎత్తు అక్షరాలతో, నల్లటి మార్కర్‌తో:

"మామ్మగారూ, 72 జడలు. ఒక్కటీ సాయంత్రం దాకా ఊడలేదు."

కింద పాప తన పేరు రాసుకుంది.

పువ్వూ దువ్వెనా కలిపి కార్డు ఇంత మందం అయ్యింది, ఏ కవరులోనూ పట్టదు. అలాగే చేతుల్లో పట్టుకుని సాయంత్రం ఇద్దరం వెళ్ళాం. మామ్మగారు కుర్చీలో కూర్చుని రేడియో వింటున్నారు. పాప కార్డు ఒళ్ళో పెట్టింది. ఆవిడ ముఖం కాస్త పక్కకి తిప్పి, ఓరచూపుతో ముందు ఆ నీలం చారని పట్టుకున్నారు. తర్వాత కళ్ళు మూసేసుకున్నారు. వేళ్ళు రేకుల మధ్య సందుల్లో దిగి, బొడ్డు చుట్టూ తిరిగి, దువ్వెన దగ్గర ఆగాయి. గోటితో ఒకసారి గీశారు. మళ్ళీ గీశారు. నవ్వారు. పాప లోపలి మాట చదివి వినిపించింది. "లెక్క పెట్టావుటే!" అన్నారు నన్ను, ఇంకేమీ అనలేదు.

ఆ తర్వాత వేళ్ళు జడ మీదికి వచ్చాయి. పైనుంచి ఒక్కో అల్లికా బొటనవేలితో నొక్కుతూ, రిబ్బన్ దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి మధ్యలో ఒకచోట ఆగారు. అక్కడే అటూ ఇటూ రెండు మూడుసార్లు తడిమి, కార్డు మీంచి చెయ్యి తీసి నా కుడిచెయ్యి కోసం గాల్లో వెతికారు. అందించాను. మణికట్టు పట్టుకుని మెల్లిగా పైకి తిప్పబోతే ముప్పావు దారిలో ఆగింది.

"కుడి పాయ వదులుగా వచ్చింది. ఇంకా నొప్పిగా ఉందన్నమాట" అన్నారు. "రేపు పొద్దున్న పాపని ఇటు పంపించు."