బస్టాండులో కూర్చుని శబ్దం కట్టడం

సౌండ్ ఆర్ట్ (చుట్టుపక్కల చప్పుళ్లతో కట్టే కళ) చేద్దామని బస్టాండుకు వెళ్లేవాళ్లు చాలామంది వెళ్లీ వెళ్లగానే రికార్డర్ ఆన్ చేస్తారు. ఇంటికొచ్చి వింటే గంట ఫైలు నిండా ఇంజిన్ల రొద, అనౌన్స్‌మెంటు, ఎవరివో మాటల ముక్కలు. మనుషులు మాత్రం ఎక్కడా కనబడరు. మనుషులు కావాలంటే రికార్డర్‌ని సంచిలోనే ఉంచి, ఒకే ప్లాట్‌ఫాం దగ్గర ఓ నలభై నిమిషాలు ఊరికే చూడాలి. చిన్న నోటుబుక్కు చాలు. టైమెంత, ఎవరేం చేశారు, దానికి చప్పుడుందా లేదా అన్న మూడే రాసుకోవాలి. వాళ్లు మాట్లాడుకున్నవి రాయొద్దు.

చప్పుడు లేని పనులూ రాసుకోవాలి. బస్సు పూర్తిగా ఆగకముందే ఒకాయన కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేస్తాడు. సీటు ఖాయమైపోయింది, చప్పుడు సున్నా. మరుక్షణం డోరు దగ్గర తోపులాట, రేకుకి సంచులు తగిలిన దెబ్బలు, లోపల "ఇక్కడ మనిషున్నారండీ" అన్న వాదన. రికార్డర్‌నే నమ్ముకుంటే ఆ కర్చీఫ్ మనకి దొరకదు, అది తెలియకపోతే తర్వాతి గొడవకి అర్థమే లేదు. తర్వాత చప్పుళ్లని ఎడిట్ చేసి కట్టేటప్పుడు కర్చీఫ్ పడే చోట వెనకాల రొదని ఒక సెకను పాటు 10 డీబీ (డెసిబెల్, శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) దించితే సరిపోతుంది. పూర్తి నిశ్శబ్దం పెట్టొద్దు, ఫైలు తెగిపోయిందనుకుంటారు.

కండక్టరు చేతులు కూడా చూడదగ్గవి. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి వచ్చాక, ఆడవాళ్ల దగ్గర చిల్లర లెక్క పోయి జీరో టికెట్ వచ్చింది. పర్సు జిప్పు, ఆధార్ కార్డు, మిషన్ గరగర, కాగితం చింపిన చప్పుడు. వరస ఒకటే, వేగం మాత్రం మనిషిని బట్టి మారుతుంది. కార్డు ముందే చేతిలో పట్టుకున్న కాలేజీ అమ్మాయికి జిప్పు ఉండదు. సంచిలో సంచి వెతికే పెద్దావిడకి జిప్పులే మూడు. ఇలాంటి తేడాలు పదిమందివి రాసుకుంటే లయ దానంతటదే తయారవుతుంది, తాళం కొట్టే మెట్రోనోమ్ అక్కర్లేదు.

రెండోసారి అదే వేళకి, అదే చోటికి రికార్డర్‌తో వెళ్లాలి. వేళ మారిస్తే నోటుబుక్కు పనికిరాదు. ఫ్రెంచి స్వరకర్త లూక్ ఫెరారీ 1960ల చివర్లో, అప్పటి యుగోస్లావియాలోని వేలా లూకా అనే రేవు ఊళ్లో కిటికీ దగ్గర మైకు పెట్టి, రోజూ తెల్లవారుజామునే రికార్డు చేసి, మళ్లీ మళ్లీ వచ్చే చప్పుళ్లనే ఏరుకున్నాడు. ఇప్పటికీ అంతకన్నా మంచి పద్ధతి లేదు.

సెట్టింగులు: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, స్టీరియో వేవ్ ఫైలు. గంటకి సుమారు 1 జీబీ పడుతుంది. మామూలు మాటలు రికార్డర్ మీటరులో మైనస్ 24 డీబీ దగ్గర ఆడేలా గెయిన్ (మైకు చప్పుడుని ఎంత పెంచాలో చెప్పే మీట) పెట్టాలి. తక్కువగా ఉందేమో అనిపిస్తుంది గానీ, పక్కనే బస్సు హారన్ కొట్టినప్పుడు ఆ ఖాళీయే కాపాడుతుంది. జూమ్ ఎఫ్3 లాంటి, చిన్నా పెద్దా చప్పుళ్లని ఒకేసారి పట్టగల 32 బిట్ ఫ్లోట్ రికార్డర్ ఉంటే గెయిన్ బెంగ లేదు. కానీ మైకే తట్టుకోలేనంత హారన్‌కి ఫ్లోట్ కూడా ఏమీ చేయలేదు. ఫోనుతో చేసేవాళ్లకి అసలు సమస్య ఆటోమేటిక్ గెయిన్. చప్పుడు తగ్గగానే ఫోను రొదని పైకి లాగుతుంది, కర్చీఫ్ లాంటి ఖాళీలన్నీ రొదతో నిండిపోతాయి. దాన్ని ఆపే వీలున్న యాప్ వాడాలి, ఫోను ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి.

సీలింగ్ ఫ్యాను కింద కూర్చోవద్దు. ఆ గాలికి మైకు బుడబుడలాడుతుంది, బొచ్చు తొడుగు వేసినా పూర్తిగా పోదు. స్పీకరుకి ఎదురుగానూ వద్దు. కాంక్రీటు కప్పు కింద మూడు మీటర్లు దాటిన చప్పుడంతా గుడగుడే, కాబట్టి కావాల్సిన పనికి దగ్గరగా ఉండాలి. టికెట్ మిషన్‌కైతే 30 సెంటీమీటర్లు. బస్సు ఆగి ఉన్నప్పుడు కండక్టరుని అడిగితే చాలావరకు ఒప్పుకుంటారు, టికెట్లు కొట్టే హడావుడిలో అడగొద్దు. ముందుగా స్టేషన్ మేనేజర్‌కి ఒక మాట చెప్పి ఉంచితే సెక్యూరిటీతో పేచీ ఉండదు. అక్కడి నుంచి తిరిగి వెళ్లేముందు పెద్ద సంఘటనలేవీ లేని రెండు నిమిషాలు విడిగా రికార్డు చేయండి. అతుకులన్నీ దాని కిందే దాగుతాయి.

పల్లీలమ్మే ఆయన్ని "మళ్లీ ఒకసారి అరవండి" అని అడగొద్దు. అడిగాక వచ్చేది నటన. ముందే చెప్పి, ఓ పొట్లం కొని, ఆయన తర్వాతి బస్సు ఎక్కేదాకా ఆగాలి.

మరి మాటలు? పేరు, ఫోను నంబరు, ఊరు, ఆసుపత్రి కబురు వినబడిందంటే ఆ రోజే తీసేయాలి. మిగతా మాటల్లో రాగం ఉంచి అర్థం పోగొట్టొచ్చు. ఆడాసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో లో-పాస్ ఫిల్టర్ (పై స్వరాల్ని కోసేది) 400 హెర్ట్జ్, రోల్-ఆఫ్ (ఆ కోత ఎంత నిటారుగా ఉండాలో) 24 డీబీ పెడితే పదాలు కరిగిపోయి ఎత్తుపల్లాలు మిగులుతాయి. అయితే పక్కన డీజిల్ ఇంజిన్ నడుస్తుంటే దాని రొద కూడా ఆ కిందే ఉంటుంది. 150 హెర్ట్జ్ దగ్గర హై-పాస్ (కింది స్వరాల్ని కోసే ఫిల్టర్) వేస్తే రొద కొంత తగ్గుతుంది గానీ మగ గొంతుల అడుగు కూడా దాంతోపాటే పోతుంది. ఆడవాళ్ల, పిల్లల గొంతులు బతికిపోతాయి. ఫోనులో సినిమా పాట మోగుతుంటే మాత్రం ఆ టేకు వదిలేయడమే మేలు. పాటని విడదీయడం కష్టం, అప్‌లోడ్ చేశాక కాపీరైట్ క్లెయిమ్ వచ్చే అవకాశమూ ఉంది.

నలభై నిమిషాల్ని అయిదుకి కుదించేటప్పుడు నోటుబుక్కులోని వరస మార్చొద్దు, మధ్య ఎడాన్నే తగ్గించండి. ప్రతి కోతకీ 10 మిల్లీసెకన్ల ఫేడ్ (చప్పుడు మెల్లగా ఎత్తడం, దించడం) లేకపోతే టిక్కుమంటుంది. రివెర్బ్ (కృత్రిమ ప్రతిధ్వని) వద్దు, కాంక్రీటు కప్పు ఇచ్చింది చాలు. చివరికి హెడ్‌ఫోన్స్‌లో ఒకసారి, ఫోను స్పీకర్లో ఒకసారి వినండి. ఫోనులో 200 హెర్ట్జ్ కిందది దాదాపు వినబడదు. అక్కడ కూడా తోపులాట తోపులాటలా వినిపించకపోతే రేకు మీద సంచి దెబ్బల్ని ఇంకో 3 డీబీ పెంచాలి.