ఫాంటసీ ఫుట్‌బాల్ లీగ్‌లో స్థానాల లెక్క

ఫాంటసీ ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్‌లోని నిజమైన ఆటగాళ్లను ఎంచుకుని ఊహా జట్లు కట్టి, మైదానంలో వారి ఆటను బట్టి పాయింట్లు లెక్కించుకునే పోటీ. అటువంటి లీగ్‌ను నడిపే కమిషనర్ చేయవలసిన పనులలో అన్నిటికంటే ముఖ్యమైనది, ఏ స్థానంలో ఎంతమందిని బరిలోకి దింపాలో ముందుగా నిర్ణయించడమేనని నా అభిప్రాయం. పాయింట్ల పద్ధతి మీద గంటల తరబడి వాదించుకునేవారు కూడా స్థానాల పట్టికను యాప్ ఇచ్చింది ఇచ్చినట్టుగా ఒప్పుకుంటారు. డ్రాఫ్ట్‌లో, అంటే వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు, ఎవరి విలువ ఎంత అన్నది తేల్చేది మాత్రం ఆ పట్టికే.

స్వదేశంలో ఫాంటసీ క్రికెట్ ఆడి అమెరికాకు వచ్చి, ఆఫీసు మిత్రుల ప్రోద్బలంతో ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా వృత్తి ఫుట్‌బాల్ పోటీ) ఆధారంగా సాగే ఫాంటసీ లీగ్‌లో చేరే మన తెలుగువారికి ఇక్కడొక తేడా చెప్పాలి. అక్కడ ఒకే బ్యాటర్‌ను లక్షలమంది తమ తమ జట్లలో పెట్టుకోవచ్చు. ఇక్కడ డ్రాఫ్ట్ పద్ధతిలో ఆడే లీగ్‌లో ఒక ఆటగాడు ఒక్క జట్టుకే చెందుతాడు. పన్నెండు మంది ఆడే లీగ్‌లో ఒకరు తీసుకున్నారంటే మిగిలిన పదకొండు మందికీ ఆ దారి మూసుకుపోయినట్టే. అందువల్ల ఆటగాడి ప్రతిభ ఎంత ముఖ్యమో, ఆ స్థానంలో ఉన్న కొరత కూడా అంతే ముఖ్యం. ఆ కొరతను సృష్టించేది, తగ్గించేది కమిషనర్ ఎంచుకునే స్లాట్ల (ఒక్కో స్థానానికి కేటాయించిన చోట్ల) సంఖ్య.

బంతిని విసురుతూ జట్టు దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ స్థానంలో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 జట్లున్నాయి కాబట్టి ఆటను ప్రారంభించే క్వార్టర్‌బ్యాక్‌లు 32 మంది. 12 జట్ల లీగ్‌లో ఒక్కొక్కరు ఒక్క క్వార్టర్‌బ్యాక్‌నే దింపాలంటే అవసరమయ్యేది 12 మంది. బెంచ్ మీద కొందరిని అట్టిపెట్టుకున్నా, వారం వారం ఆడుతున్న క్వార్టర్‌బ్యాక్‌లు ఎందరో వేవర్ జాబితాలో (ఎవరూ తీసుకోని ఆటగాళ్ల జాబితాలో) ఉచితంగా దొరుకుతూనే ఉంటారు. నిజమైన ఆటలో జట్టు భవితవ్యం మొత్తం ఎవరి మీద ఆధారపడి ఉంటుందో, ఆ ఆటగాడికి ఫాంటసీ డ్రాఫ్ట్‌లో తగినంత గిరాకీ లేకపోవడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. దీనికి మందు సూపర్‌ఫ్లెక్స్. అంటే క్వార్టర్‌బ్యాక్‌ను, బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌ను, విసిరిన బంతిని అందుకునే వైడ్ రిసీవర్‌ను, ప్రత్యర్థులను అడ్డుకుంటూ బంతినీ అందుకునే టైట్ ఎండ్‌ను, వీరిలో ఎవరినైనా దింపడానికి వీలున్న అదనపు స్లాట్.

అలాగని ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లను తప్పనిసరి చేయమని నేను చెప్పడం లేదు. సీజన్ మధ్యలో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లన్నీ వంతులవారీగా ఒక్కో వారం విశ్రాంతి తీసుకుంటాయి. కొన్ని వారాలలో ఒకేసారి ఆరు జట్లు మైదానంలోకి దిగవు. అటువంటి వారంలో ఆడే క్వార్టర్‌బ్యాక్‌లు 26 మందే ఉంటారు. 12 జట్లకు ఇద్దరిద్దరు చొప్పున 24 మంది కావాలి. గాయాల సంగతి పక్కన పెట్టినా ఇది అంచు మీద నడక. 14 జట్లయితే 28 మంది కావాలి, అంతమంది ఉండనే ఉండరు, ఎవరో ఇద్దరు ఖాళీ స్లాట్‌తో ఆడవలసిందే. సూపర్‌ఫ్లెక్స్ అయితే క్వార్టర్‌బ్యాక్ దొరకనివారు ఒక రిసీవర్‌ను పెట్టుకుని ఆ వారం గట్టెక్కవచ్చు.

రన్నింగ్ బ్యాక్‌లు ఇద్దరు, వైడ్ రిసీవర్లు ఇద్దరు, ఒక ఫ్లెక్స్ (రన్నింగ్ బ్యాక్, రిసీవర్, టైట్ ఎండ్‌లలో ఎవరినైనా పెట్టే స్లాట్) అన్నది చాలా లీగ్‌లలో ఉన్న అలవాటు. నేను మూడో రిసీవర్ స్లాట్‌ను గట్టిగా సమర్థిస్తాను. నేటి ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు సగానికి పైగా ప్లేలలో (బంతి ఒక్కొక్కసారి ఆటలోకి వచ్చే ఘట్టాలలో) ఒక రన్నింగ్ బ్యాక్, ఒక టైట్ ఎండ్, ముగ్గురు రిసీవర్లతోనే బరిలోకి దిగుతున్నాయి. అంటే లీగ్ మొత్తం మీద తగినన్ని అవకాశాలు దక్కే రిసీవర్లు దాదాపు వంద మంది ఉంటారు. రన్నింగ్ బ్యాక్‌ల సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. బంతి మోసే పనిని ఒక్కడికే అప్పగించే జట్లు తగ్గిపోయి, ఇద్దరి మధ్యనో ముగ్గురి మధ్యనో పంచే జట్లు పెరిగాయి. 2019లో పరుగులోనూ రిసీవింగ్‌లోనూ వెయ్యి యార్డులు దాటి, 116 బంతులు పట్టిన క్రిస్టియన్ మెకాఫ్రీ వంటివారు ఎప్పుడో ఒకరు వస్తారు. మూడో రన్నింగ్ బ్యాక్ స్లాట్‌ను తప్పనిసరి చేస్తే, ఆదివారం ఆటకు నాలుగైదు సార్లు బంతి ముట్టుకునే ఆటగాడి మీద ఆశ పెట్టుకుని కూర్చోవాలి. అందులో నైపుణ్యం ఏమీ లేదు.

టైట్ ఎండ్‌కు ఒక్క స్లాట్ చాలు. 2024లో బ్రాక్ బవర్స్ తన మొదటి సీజన్‌లోనే 112 బంతులు పట్టి, ఏ స్థానంలోనైనా సరే కొత్త ఆటగాళ్లలో అత్యధికం అనిపించుకున్నాడు. అయితే ఆ స్థాయి ఆటగాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ స్థానానికి ఇంకా విలువ పెంచాలనుకుంటే రెండో స్లాట్ పెట్టేకన్నా, టైట్ ఎండ్ పట్టిన ప్రతి బంతికీ ఒకటిన్నర పాయింట్లు ఇవ్వడం మేలు.

బంతిని కాలితో తన్ని పాయింట్లు తెచ్చే కిక్కర్‌ను తీసేయాలని ప్రతి ఏటా ఎవరో ఒకరు ప్రతిపాదిస్తారు. కిక్కర్ పాయింట్లు అంచనాకు అందవన్నది వారి వాదన, అది నిజమే. అయినా నేను ఒప్పుకోను. ఆఖరి క్షణంలో ఫలితాన్ని తిప్పేసే ఆటగాడిని లెక్కలోకి తీసుకోకపోతే అది ఫుట్‌బాల్‌కు దూరమవుతుంది. డాలస్ కౌబాయ్స్ కిక్కర్ బ్రాండన్ ఆబ్రీ మొదట సాకర్ ఆడి, ఆ తరువాత సాఫ్ట్‌వేర్ ఇంజినీరుగా పనిచేసి, ఆపైన ఈ ఆటలోకి వచ్చి 2024లో 65 యార్డుల ఫీల్డ్ గోల్ కొట్టాడు. డాలస్ చుట్టుపక్కల ఉన్న మన సాఫ్ట్‌వేర్‌వారికి ఇంతకంటే ఇష్టమైన ఆటగాడు దొరకడం కష్టం. పైగా 1963లో ఓక్లాండ్‌లో జరిగిన తొలి ఫాంటసీ డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు ఎంపికైన జార్జ్ బ్లాండా క్వార్టర్‌బ్యాక్ మాత్రమే కాదు, కిక్కర్ కూడా.

స్లాట్ల సంఖ్య తేలాక ఇంకొక చిక్కు మిగులుతుంది. ఒక ఆటగాడు ఏ స్థానానికి చెందుతాడు? 2020 నవంబరులో న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్ గాయపడినప్పుడు ఆ బాధ్యత టేసమ్ హిల్‌కు అప్పగించారు. ఈఎస్‌పీఎన్ యాప్‌లో అతను అప్పటికి టైట్ ఎండ్‌గా ఆడించడానికి అర్హుడు. అట్లాంటాతో జరిగిన ఆటలో అతను 233 యార్డులు విసిరి, తానే పరుగెత్తి రెండు టచ్‌డౌన్‌లు చేశాడు. అతన్ని టైట్ ఎండ్ స్లాట్‌లో పెట్టుకున్నవారికి ఒక క్వార్టర్‌బ్యాక్ పాయింట్లన్నీ అదనంగా వచ్చాయి. అది తెలివా, అన్యాయమా అని నేటికీ వాదించుకుంటారు. నిబంధన ముందుగా రాసి ఉంటే అది తెలివే. ఆట మొదలయ్యాక కమిషనర్ చేయి పెట్టి మార్చడమే అన్యాయం. 2025లో జాక్సన్‌విల్ జాగ్వార్స్ ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో రెండో ఎంపికగా తీసుకున్న ట్రావిస్ హంటర్ రిసీవర్‌గానూ, రక్షణలో కార్నర్‌బ్యాక్‌గానూ ఆడేవాడు కాబట్టి, రక్షణ ఆటగాళ్లకు విడివిడిగా పాయింట్లు ఇచ్చే లీగ్‌లకు ఈ ప్రశ్న మరింత దగ్గరైంది.

బెంచ్ విషయంలో నాది పొదుపు పక్షం. 12 జట్లకు ఒక్కొక్క బెంచ్ స్లాట్ పెంచినప్పుడల్లా వేవర్ జాబితా నుంచి 12 మంది మాయమవుతారు. బెంచ్ పది దాటితే, అక్టోబరు వచ్చేసరికి ఓడిపోతున్నవారు పుంజుకోవడానికి అక్కడ ఎవరూ మిగలరు. ఆరు చాలు. అయితే గాయపడినవారి కోసం వేరుగా రెండు స్లాట్లు ఉండాలి. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు సీజన్ మధ్యలో ఒకరిని గాయాల జాబితాలో చేర్చితే అతను కనీసం నాలుగు ఆటలకు దూరమవుతాడు, అన్నాళ్లు అతని కోసం బెంచ్‌లో చోటు వదులుకోమనడం సరికాదు.

కాబట్టి ఈసారి మా లీగ్‌లో ఓటుకు పెట్టే పట్టిక ఇది: క్వార్టర్‌బ్యాక్ ఒకరు, రన్నింగ్ బ్యాక్‌లు ఇద్దరు, రిసీవర్లు ముగ్గురు, టైట్ ఎండ్ ఒకరు, ఒక ఫ్లెక్స్, ఒక సూపర్‌ఫ్లెక్స్, కిక్కర్, డిఫెన్స్ (ఒక ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు రక్షణ దళం మొత్తం), ఆరు బెంచ్, గాయాలకు రెండు. డ్రాఫ్ట్ క్రమం తీయకముందే ఓటింగ్ ముగించాలన్నది నా షరతు. తన వంతు ఎన్నోదో తెలిసిన తరువాత ఎవరైనా ఆ వంతుకు లాభించే పట్టికకే ఓటు వేస్తారు.