కూర్చున్నవాళ్ల కంటికి బల్బు కనపడకూడదు

రెస్టారెంటుకి పెద్ద ఇత్తడి దీపం చేయించేటప్పుడు చాలామంది ముందు ఆకారం గీసేస్తారు, బల్బు సంగతి చివర్లో చూసుకుంటారు. పని చెడేది అక్కడే. దీపం తామరపువ్వులా ఎంత అందంగా ఉన్నా, భోజనానికి కూర్చున్న మనిషి తల ఎత్తగానే ఎల్‌ఈడీ కంట్లో గుచ్చుకుంటే ఇక దానివంక చూడరు.

ఈ చిక్కును అద్భుతంగా విప్పినవాడు డెన్మార్క్ డిజైనర్ పౌల్ హెన్నింగ్సన్. 1958లో కోపెన్‌హాగెన్‌లోని లాంగెలీనీ పెవిలియన్ రెస్టారెంటు కోసం ఆయన చేసిన ఆర్టిచోక్ (రేకులు రేకులుగా ఉండే మొగ్గలాంటి కూరగాయ) దీపంలో 12 ఉక్కు కమ్మీలు, వాటిమీద 72 రాగి రేకులు ఉంటాయి. వరసకు 6 చొప్పున 12 వరసలు. ఒక వరసలో రెండు రేకుల మధ్య సందు ఎక్కడుందో, పక్క వరస రేకు సరిగ్గా అక్కడికొస్తుంది. ఎటునుంచి చూసినా బల్బు కనపడదు, వెలుగు మాత్రం రేకుల మీద పడి చెదిరి బయటికొస్తుంది. దాన్ని మక్కికి మక్కి దించొద్దు, ఆ లెక్క పట్టుకుంటే చాలు.

ఉదాహరణకి 50 సెంటీమీటర్ల వ్యాసం దీపం తీసుకోండి. చుట్టుకొలత 157 సెం.మీ. పక్కపక్క వరసలు రెండూ కలిపితే 12 రేకులు కాబట్టి పన్నెండు భాగాలు చేస్తే భాగానికి 13. రేకు వెడల్పు కూడా 13 పెడితే అంచుకి అంచు తగులుతుందంతే, పక్కనుంచి చూస్తే వెలుగు చీలికలా కనపడుతుంది. 16 పెట్టాలి, అప్పుడు రెండువైపులా దాదాపు మూడు సెం.మీ. చొప్పున ఒకదానిమీదొకటి ఎక్కుతుంది. రేకు కత్తిరించే ముందు దళసరి అట్టతో మొత్తం దీపం చేసి, అసలు ఎత్తులో వేలాడదీసి, ప్రతి కుర్చీలోనూ కూర్చుని చూడండి. గోడవారన సోఫా ఉంటే అందులోనూ కూర్చోండి, దాని సీటు కిందికి ఉంటుంది. నల్ల గ్రానైటు బల్ల ఉంటే పైకి చూడక్కర్లేదు, దీపం అడుగుభాగం బల్లలోనే అద్దంలోలా కనపడిపోతుంది. ఈ ఒక్కటీ చూసుకోక మళ్లీ విప్పిన దీపాలు చాలా ఉన్నాయి.

బల్ల ఎత్తు 75 సెం.మీ. అయితే దీపం అడుగు దానికి మరో 75 పైన ఉండాలి. కూర్చున్నవాళ్ల కళ్లు నేలనుంచి 120 దగ్గర ఉంటాయి కాబట్టి ఎదుటివాళ్ల మొహానికి దీపం అడ్డురాదు. మనుషులు నడిచే చోటయితే నేలనుంచి 210 సెం.మీ. కంటే కిందికి దించొద్దు.

రేకు 0.8 మిల్లీమీటర్లది చాలు. అన్నీ పెద్ద రేకులే అనుకున్నా, ఒక్కోటి 115 గ్రాముల చొప్పున 72కి ఎనిమిది కిలోల పైచిలుకు. 1.2 అయితే పన్నెండున్నర. పెంబర్తి పనివాళ్లలా సుత్తితో పొడిచి నగిషీ చేయిస్తే పల్చటి రేకు కూడా గట్టిపడుతుంది. కానీ కొట్టేకొద్దీ ఇత్తడి పెళుసెక్కుతుంది. మధ్యలో మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి మెత్తబరచకపోతే వంపు దగ్గర వెంట్రుకంత పగులొస్తుంది. అది పాలిష్‌లో కనపడదు, ఆర్నెల్లకి కనపడుతుంది.

రేకుల్ని వెల్డింగ్ చేయొద్దు. మచ్చ పడుతుంది, పైగా ఒక్క రేకు సొట్టపడితే దీపం మొత్తం దించాలి. ఎమ్4 స్టెయిన్‌లెస్ స్క్రూ, స్ప్రింగ్ వాషర్ వేస్తే ఒక్కోటీ విడిగా ఊడొస్తుంది. విశాఖ బీచ్ రోడ్డులాంటి ఉప్పుగాలి చోట కమ్మీలు కూడా స్టెయిన్‌లెస్‌వే కావాలి, అందులో 316 రకం. మామూలు ఇనుప కమ్మీకి ఇత్తడి ఆనితే ఆ ఆనినచోటే ముందు తుప్పు మొదలవుతుంది.

జిప్సం సీలింగ్‌కి ఎప్పుడూ వేలాడదీయొద్దు. స్లాబులోకి యాంకర్ బోల్టు దించి, దీపం బరువుకి నాలుగింతలు ఇసుక బస్తాలు కట్టి ఒక రోజు వదిలేయండి. బరువు మోసేది ఉక్కు తీగ, దానికి తోడు రెండో తీగ ఒకటి. కరెంటు వైరు వదులుగానే ఉండాలి. ఏసీ గాలి సూటిగా తగిలే చోటయితే దీపం ఊగుతుంది, వాషర్లు వదులవుతాయి.

బల్బు 2700 కెల్విన్ (వెచ్చని పసుపు వెలుగు), సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 పైన ఉండాలి. తక్కువరకం వెలుగులో గోంగూర, చేపల పులుసు రెండూ ఒకే రంగులో కనపడతాయి. డ్రైవర్‌ని (ఎల్‌ఈడీకి సరిపడా కరెంటు ఇచ్చే పెట్టె) సీలింగ్‌లో మూసేయకుండా చేయి పట్టే తలుపు వదలండి, ముందు పోయేది అదే. డిమ్మర్ తగ్గించి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే, వెలుగు మినుకుమినుకుమంటోందో లేదో తెలిసిపోతుంది. మినుకుమంటే డ్రైవర్‌కీ డిమ్మర్‌కీ పొంతన లేనట్టే, జత మార్చాలి.

వంటగది దగ్గరైతే నెలకోసారి రేకులు తుడవాలి. లక్కర్ (మెరుపు పోకుండా వేసే పారదర్శక పూత) కొట్టిన ఇత్తడిని చింతపండుతో తోమితే పొర లేచిపోయి మచ్చలు మచ్చలుగా చిలుము పడుతుంది. గోరువెచ్చని సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ, వెంటనే పొడిగుడ్డ. ఇది రాసిచ్చి మేనేజరుకి కాదు, తుడిచే మనిషికే చూపించాలి.